మంద ముందు నడిచిన మా మామ

మా మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరులో, పనిచేసే బట్టల అంగడిలో ఉన్నాను. చేతిలో సగం మడిచిన చీర ఉంది. ఫోన్ చేసింది మా అమ్మ. "మీ మామ గొర్రెల దొడ్డికాడ కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడంటరా" అని ఒక్క మాట చెప్పి, ఆ తర్వాత ఏడుస్తూ ఉండిపోయింది. నేను చీర మడత పూర్తి చేశాను. ఎందుకు చేశానో తెలియదు. గల్లా దగ్గర యజమానికి చెప్పి బస్టాండుకు నడిచాను. ముద్దనూరు బస్సు కదలడానికి ఇంకా టైముందన్నారు. కూర్చోలేక బస్సు చుట్టూ తిరుగుతున్నాను. డ్రైవరు చూసి, "ఏమప్పా, బస్సుకు ప్రదక్షిణం చేస్తాండావా?" అన్నాడు. నాకు కోపం రాలేదు. మామ ఉంటే ఆయనా అదే అనేవాడు.

మామ అంటే మా అమ్మకు అన్న. తొండూరుకు కూతవేటు దూరంలో ఒక చిన్న ఊరు ఆయనది. నడక వచ్చినప్పటి నుంచి గొర్రెల వెంట, మేకల వెంట తిరిగినవాడు. ఆ రెండింటినీ కలిపి మా పక్క జీవాలంటారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆయనే నవ్వుతాడు, రేషన్ కార్డులో తప్ప ఆ పేరుతో ఆయనకు పని పడింది లేదు. ఊరంతటికీ మామే. ఆయన మహానుభావుడని చెప్పడానికి నేను ఈ నాలుగు ముక్కలూ రాయడం లేదు. మొండిమనిషి. ఎదుటివాడు చెప్పేది వినడు, తాను చెప్పేది మాత్రం విన్నదాకా వదలడు. కానీ నేను పరాయి దేశంలో రెండేళ్లు ఇంటింటి తలుపూ తట్టి బతికి బట్టకట్టి వచ్చానంటే అందులో సగం ఆయన చలవే. ఆ మాట ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు కాలు నిలిచేలా లేదు.

కాలు నిలవకపోవడం మా ఇద్దరికీ ఉన్న జబ్బు. మామ కప్పు కింద పడుకున్నది నేను చూసిందే తక్కువ. సొంత కూతురి పెళ్లిలో భోజనాల బంతి సాగుతుండగా మాయమయ్యాడు. వియ్యాలవారు వెతకబోతే దొడ్డిలో ఈనబోయే గొర్రె పక్కన పట్టుపంచెతో కూర్చుని ఉన్నాడు. ఒకసారి గుండెనొప్పి అంటే పులివెందుల ఆసుపత్రిలో చేర్పించారు. తెల్లవారి అమ్మ పోయి చూస్తే మంచం మీద లేడు, మెట్ల మీద ఉన్నాడు. "ఆ ఫ్యాను నన్నే చూస్తాందిమ్మే. దాని కింద ఎట్ల పండుకునేది?" అన్నాడట.

చావంటే ఆయనకు భయం లేదు. ఉన్న భయమల్లా లారీ అంటే. "నేను పోయిన తెల్లారే లారీ వస్తాది, మందనంతా ఎక్కిస్తారు" అనేవాడు. జమ్మలమడుగులో ఉండే అల్లుడు, ఆయన కూతురి భర్త, ఆ మాట బాహాటంగానే చెప్పేవాడు. చెడ్డవాడు కాదు, వయసైన మనిషికి ఈ తిరుగుడెందుకని అతని బాధ. మామకు కొడుకులు లేరు. నేను ఒకసారి, "పొట్టేళ్లను నువ్వే అమ్ముతావు కదా మామా, ఇప్పుడేంది అంత దిగులు?" అని అడిగాను.

"గొర్రె వేరే, మంద వేరే అల్లుడా" అన్నాడు. మేనల్లుణ్ని కాబట్టి నన్నూ అల్లుడా అనే పిలిచేవాడు. "గొర్రె ఈ పొద్దు ఉంటాది, రేపు పోతాది. మా అబ్బ కాలం నుంచి ఈ మంద తెగలా. నా చేతుల్లో తెగితే నేను ఆయప్పకు ఏం మొగం చూపల్ల?"

మందకు ఇద్దరు మనుషులు కావాలి. ముందు ఒకరు, వెనక ఒకరు. ముందు నడిచేవాడు దారి చూసుకుంటాడు. వెనక నడిచేవాడు కుంటిదాన్నీ, పిల్లతల్లినీ, పక్క చేలో మూతి పెట్టినదాన్నీ చూసుకుంటాడు. ఎండాకాలంలో తొండూరు పక్క గుట్టల్లో గడ్డి మాడిపోతే మామ మందను తోలుకుని జమ్మలమడుగు దగ్గర పెన్న దాటి, చాపాడు కాలువ కింద కోసిన వరి మళ్లకు పోయేవాడు. రాత్రి ఎవరి చేలో మంద నిలిపితే ఆ చేనుకు ఎరువు, మాకు గింజలు. కాలేజీ సెలవులన్నీ నేను ఆ మంద వెనకే నడిచాను. ముందు మామ తలగుడ్డ, మధ్యలో దుమ్ము, వెనక నేను. మాట్లాడుకోవాలంటే అరవాల్సిందే. అందుకే మా ఇద్దరి గొంతులూ పెద్దవి. అత్తకు మాత్రం జీవాలంటే పడేది కాదు. "నాకు సవతి ఒకతా ఇద్దరా, దొడ్డి నిండా ఉండారు" అని మామ స్నానం చేసి వస్తేగాని గడప తొక్కనిచ్చేది కాదు.

మా ఇంటి సంగతి వేరు. నాన్న హైదరాబాదులో డ్రైవరు పని చేసే రోజుల్లో, జనం మార్మన్లని పిలిచే చర్చిలో చేరాడు. టీ కాఫీలు ముట్టం, ఆదివారం కొనడం అమ్మడం ఉండదు. పిల్లలు వయసు వచ్చాక రెండేళ్లు సొంత ఖర్చులతో, చెప్పిన చోటికి పోయి సేవ చేయాలనేది మాలో ఉన్న అలవాటు. ఎక్కడికి పంపుతారో మన చేతిలో ఉండదు. నాకు ఇంగ్లండు ఉత్తరాన, కొండల పక్కన ఊళ్లు వచ్చాయి. చెప్పడానికి తొండూరు పోయాను. చొక్కాకు పెట్టుకునే నల్ల బిళ్ల చూపించాను. దాని మీద ఎల్డర్ అని ఉంటుంది.

"అంటే ఏంది?" అన్నాడు మామ.

"పెద్ద అని మామా."

"మూతి మీద మీసం సరిగ్గా రాల్యా. నువ్వు యాడి పెద్దవురా?" అని, బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు. "పోయేది ఒగనివా, జంట ఉంటాదా?"

జంట ఉంటుందన్నాను. ఇద్దరిద్దరుగా ఉండాలి, ఒకరి కంటికీ చెవికీ ఒకరు ఆనేంత దగ్గరలోనే మెలగాలి, అది మా నియమం. మామకు మా చర్చిలో నచ్చిన నియమం అదొక్కటే. "ఇది కాపరోళ్లను చూసి పెట్టుకున్నారు" అన్నాడు. తర్వాత ఒక గడ్డిపరక తెంపి నమిలాడు. నేను పోతే వెనక నడిచేవాడు ఉండడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి, "పోయిరా. ఎనక ఎవుర్నన్నా పెట్టుకుంటాలే" అన్నాడు.

అక్కడి రోజు ఎలా ఉండేదంటే, ఆరున్నరకు లేవాలి. కాస్త కసరత్తు, గంజిలాంటి ఓట్సు, తర్వాత చదువు, ప్రార్థన. పది గంటలకల్లా తెల్లచొక్కా, టై, పైన వాన కోటు వేసుకుని వీధిలో పడాలి. సినిమాలు లేవు, ఊరి కబుర్ల కోసం ఫోనులో వేలు పెట్టేది లేదు. మా పని దేవుడి గురించి నాలుగు మాటలు చెప్పడం. వినేవాళ్లు ఉంటే కదా చెప్పడానికి. తలుపు తెరుచుకోక ముందే అద్దం వెనక నుంచి వద్దనే చెయ్యి ఊగుతుంది. అలా వీధి చివరిదాకా పోయి, రోడ్డు దాటి, అవతలి వరస ఇళ్లు. సాయంత్రానికి బూట్లలో నీళ్లు పిండుకోవాలి. కొన్ని వారాలకొకసారి జంటనో ఊరినో మారుస్తారు. ఆ మార్పు గురించి చెబితే మామ, "ఆడ మేత అయిపోయిందా?" అన్నాడు. ఇంచుమించు అంతే అన్నాను.

నాతో ఎక్కువ కాలం జంటగా ఉన్నది టోంగా దీవుల నుంచి వచ్చిన కుర్రాడు. తలుపుకు అడ్డంగా నిలబడితే గది చీకటయ్యేంత మనిషి. ఇంటి మీద బెంగ పెట్టుకుంటే పెద్దగొంతుతో కీర్తన ఎత్తుకునేవాడు. సోమవారం మాకు సెలవు. గుడ్డలుతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, ఇంటికి ఫోన్ చేయడం ఆ రోజే. అమ్మతో మాట్లాడాక తొండూరుకు వీడియో కాల్ చేసేవాణ్ని. అక్కడ మిట్టమధ్యాహ్నం, మంద చెట్టు నీడన నెమరు వేసే పొద్దు. మామకు ఫోన్ పట్టుకోవడం చివరిదాకా చేతకాలేదు. నాకు ఒక చెవి కనిపించేది, లేదా ఆకాశం, లేదంటే ఫోన్‌ను వాసన చూస్తున్న మేక ముట్టె. ఒకసారి నా జంటను చూపించాను. మామ తెలుగులో, అతను టోంగా భాషలో మాట్లాడుకుని పగలబడి నవ్వుకున్నారు. ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి. "వీడు మనోడే అల్లుడా. ఆ మెడ చూడు, గుమ్మడికాయల మూట మోసిన మెడ" అని తీర్పు ఇచ్చాడు.

ఊరి చివర కొండల మీద గొర్రెలుండేవి. ఒక సోమవారం ఫోన్ అటు తిప్పి చూపించాను. మామ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు, నాకు ఆయన పంచె అంచు మాత్రం కనిపించింది. "ఏం బొచ్చురా సామీ! నీలం రంగు పూసినారే ఈపు మీద. వాళ్లకూ మన మాదిరే గుర్తులుండాయే!" తర్వాత గొంతు మారింది. "కాపరి యాడ?"

"లేడు మామా. రాళ్లతో గోడలు కట్టి వదిలేస్తారు. రైతు వచ్చి చూసిపోతాడు."

"గోడ కాస్తాదా గొర్రెను?" అన్నాడు. వారం తిరిగి ఫోన్ చేస్తే మొదటి మాటే, "ఆ గొర్రెల కాడికి ఎవురన్నా వచ్చినారా?" అని.

తలుపులు తెరవడం లేదని నేను ఏడిస్తే ఆయన తన పద్ధతి చెప్పాడు. కొత్త ఊళ్లో మంద నిలపడానికి చోటు అడగాలంటే కాపరి ముందే ఆ మాట ఎత్తడు. మొదట మంచినీళ్లు అడుగుతాడు. "నీళ్లిచ్చిన చెయ్యి పొమ్మని అనలేదు అల్లుడా. నీళ్లు తాగు, వాళ్ల వానల సంగతి అడుగు, ఆమీట నీ సంగతి చెప్పు." మా పక్క ఇది వేదవాక్కు. మర్నాటి నుంచే మొదలుపెట్టాను. కుండపోత వానలో, ముక్కు చివర నుంచి నీళ్లు కారుతుండగా, ఒక ముసలావిడ తలుపు తట్టి, అమ్మా కాసిని మంచినీళ్లు ఇస్తారా అని అడిగాను. ఆమె నన్ను చూసింది, నా వెనక పర్వతంలా తడుస్తున్న టోంగా కుర్రాణ్ని చూసింది, ఆకాశాన్ని చూసింది. తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. వాన దేశంలో వానలో నిలబడి నీళ్లడిగే తెలివి మా సీమవాడికి తప్ప ఇంకెవడికి వస్తుంది!

ఆమె నీళ్లూ ఇచ్చింది, టీ కూడా ఇస్తానంది. మేం టీ తాగం అన్నాం. లోపలికి రమ్మంది. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇంట్లోకి మేం అడుగుపెట్టకూడదు, రామన్నాం. "మరి మీరు చేసేదేమిటి?" అని అడిగింది పాపం. పెరటిలో గొర్రెలు పడగొట్టిన రాతిగోడ ఉంటే అది కట్టి పెట్టాం. మా చర్చికి ఆమె ఎన్నడూ రాలేదు. కానీ మేం ఆ ఊళ్లో ఉన్నంతకాలం మమ్మల్ని చూస్తే దూరం నుంచే నీళ్ల గ్లాసు ఎత్తి చూపించేది. మామకు చెబితే తన పద్ధతి గెలిచినట్టే లెక్క వేసుకున్నాడు. వాన సంగతి మాత్రం వినబడనట్టు నటించాడు.

శ్రావణమాసంలో ఒక శనివారం మామ గండి ఆంజనేయుడి గుడికి పోయి వచ్చాడు. ఆ సోమవారం చాలా హుషారుగా ఉన్నాడు. "ఆంజనేయసామికి నీ సంగతి అంతా చెప్పినా. సామీ, నువ్వూ సముద్రం దాటి సెప్పొచ్చే పనిమీద పోయినోడివే. తెలియని ఊళ్లో తిరగడం ఎట్లుంటాదో నీకు తెలుసు. మావాడు వేరే దేవునికి మొక్కుతాడు, అది మనసులో పెట్టుకోవాకు, అని సెప్పినా." నాకు నవ్వొచ్చింది. నా కోసం ఎంతోమంది ప్రార్థించి ఉంటారు. ఇలా రాయబారం చేసింది మాత్రం ఆయనొక్కడే.

మొదటి చలికాలం నన్ను విరిచేసింది. మూడున్నరకే పొద్దు గూకేది. ఒకరోజు బస్టాపు బల్ల మీద కూర్చున్నవాణ్ని ఇక లేవలేకపోయాను. నా జంట ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాడు. బస్సులు వచ్చి పోతున్నాయి. నాకు మంద వెనక దుమ్ము తప్ప ఇంకేం గుర్తుకురావడం లేదు. అప్పటికే మామ పెట్టుకున్న మనిషి మేస్త్రీ పనికని బెంగళూరు వెళ్లిపోయాడు. మందను అమ్మేయమని జమ్మలమడుగు అల్లుడు పట్టుబడుతున్నాడు. సోమవారం రాగానే మామతో చెప్పేశాను, వచ్చేస్తాను, వచ్చి నీ వెనక నడుస్తాను అని. నిజం చెప్పాలంటే మామకు అవసరమని కాదు, నాకు తప్పించుకునే దారి అది.

ఫోన్‌లో ఆకాశం కనిపిస్తోంది. ఎక్కడో గంట మోగింది. "నీ జంటోడు యాడుండాడు?" అన్నాడు మామ.

"ఇక్కడే, బట్టలు మడుస్తున్నాడు."

"నువ్వొచ్చి నా ఎనక నడిస్తే, వాని ఎనక ఎవురు నడుస్తారు?"

తిరిగి చూస్తే అతను మడుస్తున్నది నా చొక్కా.

"సగం దారిలో మందను ఇడిసిపెట్టి వచ్చినోన్ని నేను దొడ్డికి రానీను. అల్లుడైనా అంతే. మంద సంగతి నేను చూసుకుంటా. ఒగ మనిషి కంటికి ఆనేంత ఉంచుకోని తక్కింది అమ్మినా. వానొచ్చేట్టుంది, పెడతాండా" అని ఫోన్ పెట్టేశాడు. అమ్మినా అన్న మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో అంత బరువుగా నాలో దిగింది. తెగకుండా ఉండాలని, ఉన్న మందలో సగం తెంచుకున్నాడు. ఆ తర్వాత నేను వస్తానన్న మాట ఎత్తలేదు. నడిచాను. నా పని బాగా చేశానో లేదో తెలియదు, కానీ నా జంట వెనక మాత్రం నడిచాను.

తిరిగి వచ్చిన రోజు తొండూరు రోడ్డులో బస్సు ఆగిపోయింది. చూస్తే రోడ్డుకు అడ్డంగా మంద. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, మామ మాత్రం తీరిగ్గా నిలబడి కిటికీలన్నీ వెతుకుతున్నాడు. నేను దిగగానే నన్ను పైనుంచి కిందికి చూసి, "తెల్లగైనావు గానీ సన్నగైనావు. పా, ఎనక్కి పా" అన్నాడు. పెట్టె బస్సు మీదే ఉందన్నా వినిపించుకోలేదు.

మీకెవరికైనా ఇది జరిగిందో లేదో. రెండేళ్లు ఒక పద్ధతిలో తిరిగి వచ్చినవాడికి ఇల్లు ఇరుకవుతుంది. ఆరున్నరకు మెలకువ వచ్చేది, తెల్లచొక్కా వేసుకునేవాణ్ని, పోవడానికి చోటుండేది కాదు. అంగడిలో చేరాక గుమ్మం దగ్గర నిలబడి పోయేవాళ్లందరినీ బాగున్నారా అని పలకరిస్తుంటే యజమాని కసిరాడు. రోడ్డు దాటే ముందు జంట వస్తున్నాడా అని వెనక్కి తిరిగి చూసేవాణ్ని. అమ్మ దిగులు పడి మామకు చెప్పింది. ఆయన తేల్చేశాడు: "నడిచిన కాలు నిలబడితే నొస్తాది. దానికి మందు నడకే." టీ కొట్టులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మావానికి టీ పొయ్యొద్దప్పా, పాలు పొయ్యి" అని అందరికీ వినపడేలా చెప్పేవాడు. ఎవడైనా ఎందుకని అడిగితే, "వాని నేమం వానిది, నీకేంది?" అనేవాడు. ఆ నేమం ఏమిటో ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. తన నేమం ఏమిటని అడిగితే అది ఆయనకే తెలియదు.

పోయిన ఎండాకాలం అంగడిలో సెలవు అడిగి ఆయనతో చాపాడు పోయాను. మంద చిన్నదైపోయింది, మామ నడకా చిన్నదైపోయింది. గుట్ట ఎక్కేటప్పుడు ఏదో వెతుకుతున్నట్టు ఆగి నిలబడేవాడు. ఊపిరి కోసమని నాకు తెలుసని ఆయనకు తెలియనివ్వలేదు. చాపాడు దగ్గర మళ్ల గట్టు మీద ఒక రైతు నన్ను పట్టుకుని, "ఫారిన్ పోయొచ్చినోనివి గొర్లెనక తిరుగుతాండావేందప్పా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా ముందు నుంచి మామ కేక వచ్చింది. "ఆడా అదే పని సేసినాడులే!" రైతుకు అర్థం కాలేదు. నేను మాత్రం ఆ పూటంతా నవ్వుకుంటూ నడిచాను. ఆ ఏడాదంతటిలో నా కాళ్లకు నిమ్మళం దొరికింది ఆ కొద్ది రోజులే.

ముద్దనూరులో బస్సు మారి నేను ఊరు చేరేసరికి వాకిట్లో జనం. ఏడుపుల కంటే గొర్రెల అరుపులే ఎక్కువ వినబడుతున్నాయి. పొద్దున దొడ్డి తీయబోయి, గుంజకు ఆనుకుని కూర్చున్నాడట. అలిసి కూర్చున్నాడనుకుని అత్త మజ్జిగ తీసుకుపోయిందట. పాడె ఎత్తేటప్పుడు పెద్దమనిషి ఒకరు, చర్చి పిల్లోడు మొయ్యొచ్చునా అని సందేహం లేవదీశారు. అత్త తల ఎత్తకుండానే, "మేనల్లుడు గాక ఇంగెవురు మోస్తారు?" అంది. మోశాను. పాడె ముందు కొమ్ము ఇచ్చారు నాకు. ఆయన కంటే ముందు నడవడం అదే మొదటిసారి. సాయంత్రానికి వాళ్ల చేలోనే, వాళ్ల నాన్న పక్కన పూడ్చాం.

మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు అల్లుడు ఫోన్ మాట్లాడి వచ్చి చెప్పాడు. "పొద్దు తిరిగేలోపల లారీ వస్తాదంట. ఎవురు కాస్తారు వీటిని? ఎవురన్నా ఉంటే సెప్పండి, నాకేం పగనా?" అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అత్త మూలన కూర్చుని ఉంది. నేను అంగడి మనిషిని. సోమవారానికి రాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటారు. అయినా కూర్చోలేకపోయాను. నిన్నటి నుంచి వాటికి నాలుగు కొమ్మలు తప్ప మేత లేదు. "అమ్మేది అమ్ముదురు గానీ, ఆకలితో ఎందుకు ఎక్కాల? కాసేపు మేపుకోనొస్తా" అని దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంప తీశాను.

మంద బయటికి వచ్చింది. వచ్చి, నిలబడిపోయింది. నేను అలవాటుగా వెనక నిలబడి అదిలించాను. కదల్లేదు. అదిలించేకొద్దీ ఒకదాన్నొకటి తోసుకున్నాయే గాని ముందుకు పోలేదు. పెద్ద మేకపోతు ఒకటి ఖాళీగా ఉన్న దారిని చూస్తోంది. అప్పటికి గాని నాకు తట్టలేదు. ముందుకు పోయి నిలబడి, మామ మాదిరే నాలుక తాటించాను. నాలుగడుగులు వేశాయి. ఈలోపు వెనకవైపు జీవాలు పక్క శనగ చేలోకి మళ్లాయి. నేను వెనక్కి పరిగెత్తాను. ముందువి ఆగిపోయాయి. మళ్లీ ముందుకు పరిగెత్తాను. చూసేవాళ్లకు నవ్వులాటలా ఉండి ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు ఏడుపొచ్చింది, నిన్నంతా రానిది. లారీయే గెలిచిందని అక్కడే, ఆ దుమ్ములోనే తెలిసిపోయింది.

వాకిట్లో కలకలం వినిపించింది. అత్త గడప దాటి వస్తోంది. "ఏమ్మేయ్, పదకొండు దినాలు కాకుండా కాలు బయటపెట్టగూడదు" అని ఆడవాళ్లు పట్టుకోబోయారు. "ఆ మాట గొర్రెకు సెప్పు పో" అని విడిపించుకుంది. దొడ్డి పక్కన ఆనించి ఉన్న కట్టె తీసుకుంది. శనగ చేలోని వాటిని దారిలోకి తోలింది. తర్వాత అల్లుని వైపు తిరిగి, "లారీని ఎనక్కి పొమ్మను నాయనా. మంద మేతకు పోయింది" అంది. అతను ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నడువ్ అబ్బీ" అంది నాతో. "ఎనక నేనుండా."

ఎన్నాళ్లు నడుస్తామో ఇద్దరికీ తెలియదు. నేను ముందుకు తిరిగి అడుగేశాను, మంద కదిలింది. నిన్నటి నుంచి ఏడ్చిన అత్త గొంతు ఆ నాలుగు మాటలతోనే పోయింది, అదిలించడానికి కూడా మాట పెగలడం లేదు. ఆమె వెనక వస్తోందని తెలుసుకోవడానికి నేను తిరిగి చూడనక్కరలేకపోయింది. పదకొండో నాడు తీసేయబోయే గాజులు, కట్టె పట్టిన చేతికి, గుట్ట ఎక్కేదాకా మోగుతూనే ఉన్నాయి.